వీరంపై శృంగారపు షరతు: ప్రదర్శన కుస్తీలో జెండర్ మూసలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రదర్శన కుస్తీ ఆటలా కనిపించే నాటకం. ఇందులో గెలుపోటములు ముందుగానే రాసి ఉంటాయి. కనుక ఇందులో స్త్రీపురుషుల గురించి కనిపించే మూసభావాలను ప్రకృతిసిద్ధమనో, ఆట స్వభావమనో సమర్థించుకునే వీలు లేదు. అవి రచయితలు చేసుకున్న ఎంపికలు. డబ్ల్యూడబ్ల్యూఈ ప్రదర్శనలలో పురుషునికి వీరం ఒక్కటే చాలుతుండగా, స్త్రీ తన వీరాన్ని నిరూపించుకోవడానికి ముందు శృంగారాన్నో, గృహిణీత్వాన్నో, వివాహయోగ్యతనో చూపవలసి వస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోతన సత్యభామ, నిమ్మలకుంట తోలుబొమ్మలాటలోని బంగారక్క, హమీదా బాను సవాలు మొదలైన వాటితో పోల్చి ఈ షరతు స్వరూపాన్ని పరిశీలించడం వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రదర్శన కుస్తీ, జెండర్ మూస, పౌరుషం, చూపు, సత్యభామ, బంగారక్క, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం:

2023 సెప్టెంబర్ 8న హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికాకు చెందిన డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ 'సూపర్‌స్టార్ స్పెక్టకిల్' పేరుతో కుస్తీ ప్రదర్శనను నిర్వహించింది. మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం రియా రిప్లీ, నటాల్యా తలపడగా రిప్లీ తన బిరుదును నిలుపుకొంది. అయితే ఆ రాత్రికి ముగింపు పలికిన పోటీ పురుషులది. జాన్ సీనా, సేథ్ రోలిన్స్ జంట అందులో లుడ్విగ్ కైజర్, జొవానీ విన్చీ జంటను ఓడించింది. స్త్రీకి బిరుదు, పురుషునికి ముగింపు అన్న ఈ అమరిక యాదృచ్ఛికమా, అలవాటా అన్న ప్రశ్న నుండి ఈ పరిశీలన మొదలైంది.

ఈ వినోదం మన మండల కేంద్రాలకు కొత్తది కాదు. శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువులో ఈ వ్యాసకర్త బాల్యం గడిచిన రోజులలో కేబుల్ టీవీతో పాటు కుస్తీ వీరుల బొమ్మలున్న ట్రంప్ కార్డులు కూడా ఊరికి వచ్చాయి. ఒక్కొక్క కార్డు మీద ఒక మల్లుని బొమ్మ, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల చుట్టుకొలత, ఆడిన పోటీలు, గెలిచినవి ఉండేవి. ఎవరి కార్డులో అంకె పెద్దదైతే వారిది గెలుపు. మగపిల్లలం అరుగు మీద గుండ్రంగా కూర్చుని ఆడుతుంటే అక్క వచ్చి, "ఇందులో ఆడవాళ్ల కార్డు లేదా?" అని అడిగేది. మా పెట్టెలో లేదు. ఉన్నా ఛాతీ, కండల కొలతలతో సాగే ఆ ఆటలో ఆ కార్డు ఎవరి చేతికి వచ్చినా ఓడిపోయేదే. అక్క అడిగినది కార్డు గురించే అయినా, ప్రశ్న తగిలినది కొలమానానికి. అది అర్థం కావడానికి ఈ వ్యాసకర్తకు చాలాకాలం పట్టింది.

2. పాఠ్యంగా కుస్తీ:

అఖాడాలలో, ఒలింపిక్స్‌లో జరిగే మల్లక్రీడ వేరు, ఇక్కడ చర్చిస్తున్న ప్రదర్శన కుస్తీ వేరు. మొదటిదానిలో ఫలితం బరిలో తేలుతుంది. రెండవదానిలో ఫలితాన్ని కథకులు ముందే నిర్ణయిస్తారు. బరిలోని దెబ్బలు, పడిపోవడాలు శరీరానికి నిజంగానే కష్టం కలిగిస్తాయి కాని, వాటి అర్థం మాత్రం రచన. 1989లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల ముందు ఈ సంస్థ ప్రతినిధులే తమది వినోద ప్రదర్శన అని అంగీకరించారు. అంతకు ఎంతో ముందే ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957 నాటి 'మిథాలజీస్' గ్రంథంలో కుస్తీని క్రీడగా గాక దృశ్యంగా చదివాడు. ఫలితం నిజమా కాదా అన్నది ప్రేక్షకునికి ముఖ్యం కాదనీ, కళ్లెదుట బాధ, ఓటమి, న్యాయం స్పష్టమైన రూపం ధరించడమే ముఖ్యమనీ ఆయన విశ్లేషణ సారాంశం.

మన అలంకారశాస్త్రం తెలిసినవారికి ఈ లోకం వెంటనే పరిచితమనిపిస్తుంది. ఇందులో నాయకుడు, ప్రతినాయకుడు ముందుగానే నిర్దిష్టులు. ప్రవేశ సంగీతం, వేషం, నడక పాత్రను తెలుపుతాయి. మైకు పట్టుకుని ప్రత్యర్థిని కించపరిచే ప్రసంగాలు ఉత్తరకుమార ప్రగల్భాలను తలపిస్తాయి. కనుక ఒక స్త్రీ ముప్పై క్షణాలలో ఓడిపోతే అది ఆమె బలహీనత కాదు, ఆమెకు ముప్పై క్షణాలే రాశారని అర్థం. ప్రదర్శన కుస్తీని సాహిత్య విమర్శ పరిధిలోకి తేవడానికి ఇదే ఆధారం. దశాబ్దాలపాటు ఈ సంస్థ కథలపై తుదిమాట విన్స్ మెక్‌మాన్ అనే ఒక పురుషునిది కావడం కూడా ఇక్కడ గమనార్హం.

3. పౌరుషపు కొలతలు:

జెండర్ మూస అనగానే స్త్రీ పాత్రలనే పరిశీలించడం మన పరిశోధనలలో పరిపాటి అయింది. కాని మూస మొదట బిగించేది పురుషుణ్ణే. కార్డుల మీది కొలతలు మగపిల్లవానికి చెప్పేది ఇదే: పురుషత్వం అంగుళాలలో ఉంటుంది, అది నిరంతరం పక్కవాని అంగుళాలతో పోటీ పడుతుంది. సామాజిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యు. కానెల్ ప్రతిపాదించిన 'ఆధిపత్య పురుషత్వం' అన్న భావన ఇక్కడ ఉపకరిస్తుంది. ఆ ఆధిపత్యం స్త్రీల మీదనే కాక, తన నమూనాకు సరిపోని పురుషుల మీద కూడా సాగుతుంది.

1995లో ప్రవేశపెట్టిన గోల్డస్ట్ పాత్ర ఇందుకు నిదర్శనం. ముఖానికి బంగారు రంగు, నెత్తిన విగ్గు, స్త్రీత్వాన్ని సూచించే హావభావాలు ఆ పాత్ర లక్షణాలు. అతడు మోసగాడు, క్రూరుడు కావడం కంటే మగవాని మూసకు లొంగకపోవడమే అతని ప్రతినాయకత్వానికి పునాది. ప్రత్యర్థి బెదిరేది అతని బలానికి కాదు, అతని చేరువకు. మన సాహిత్యంలోని బృహన్నలతో పోలిస్తే ఈ తేడా తేటపడుతుంది. ప్రగల్భాలు పలికిన ఉత్తరుడు రథం దిగి పారిపోతాడు, పేడివేషంలో ఉన్న అర్జునుడు యుద్ధం గెలుస్తాడు. అక్కడ వేషం వీరానికి విరుద్ధం కాదు, దానిని దాచిన తెర. అయితే ఆ తెర తొలగి పురుషుడు బయటపడినప్పుడే కథ ఊరట చెందుతుందన్నది కూడా మరువరాదు.

రాయలసీమ పాఠకునికి ఈ చర్చ దూరపుది కాదు. తొడ చరచడం మల్లయుద్ధంలో సవాలు విసిరే సంజ్ఞ. 'సమరసింహారెడ్డి' (1999) విజయంతో ఊపందుకున్న ఫ్యాక్షన్ చిత్రాల ఒరవడిలో అదే సంజ్ఞ సీమ పౌరుషానికి చిహ్నమైంది. బరిలోని మల్లుని సంజ్ఞ వెండితెరకు, అక్కడినుండి ప్రాంతపు గుర్తింపుకు చేరింది. 'పౌరుషం' అన్న మాటలోనే పురుషుడున్నాడు. ధైర్యం చూపిన ఆడపిల్లను కూడా "పౌరుషం గల పిల్ల" అని మెచ్చుకుంటాం, లేదా "మగరాయుడు" అని వెక్కిరిస్తాం. మెప్పుకైనా వెక్కిరింపుకైనా మాట పురుషుని వద్దే అరువు తెచ్చుకోవాలి. ఆంగ్లంలోనూ ఇదే స్థితి. 2019 ఏప్రిల్ 7న రెసిల్‌మేనియా చరిత్రలో తొలిసారి మహిళలు ముగింపు పోటీ ఆడినప్పుడు గెలిచిన బెకీ లించ్ తనకు పెట్టుకున్న బిరుదు 'ద మ్యాన్', అంటే మగాడు. అది మూసను వెక్కిరించిన చమత్కారం కూడా కావచ్చు. కాని శిఖరానికి చేరిన స్త్రీకి దొరికిన మాట అదే అన్నది వాస్తవం.

4. రెండు రసాల షరతు:

భాగవతం దశమస్కంధంలో నరకాసుర వధ ఘట్టం తెలుగువారికి ప్రాణప్రదం. విల్లందుకున్న సత్యభామను పోతన ఏకకాలంలో రెండు రసాలలో నిలిపాడు. ఆమె చూపు ప్రియుని వైపు అనురాగంగా, శత్రువు వైపు ఆగ్రహంగా ప్రసరిస్తుంది. అదే ముఖం కృష్ణునికి చంద్రబింబం, నరకునికి సూర్యబింబం. ఆ శిల్పాన్ని మెచ్చని పాఠకుడు లేడు. కాని ఒక ప్రశ్న వేసుకోవలసి ఉంది. యుద్ధం చేసే పురుషుణ్ణి వర్ణించేటప్పుడు మన కవులు రెండవ రసాన్ని ఇంత తప్పనిసరిగా కోరారా? అర్జునుని గాండీవానికి శృంగారం తోడు రానవసరం లేదు. స్త్రీ విల్లుకు మాత్రం ఆమె సౌందర్యం అనుమతిపత్రం.

ప్రదర్శన కుస్తీ ఈ షరతును వ్యాపారసూత్రంగా మార్చింది. 1990ల చివరినుండి 2016 వరకు ఈ సంస్థలో మహిళా మల్లులకు 'దివాలు' అని పేరు. పురుషులు 'సూపర్‌స్టార్లు'. 2008లో ప్రవేశపెట్టిన దివాల చాంపియన్‌షిప్ పట్టీ మధ్యలో గులాబీ రంగు సీతాకోకచిలుక ఉండేది. ప్రత్యర్థి పైదుస్తులను ఊడదీసినవారే విజేతలన్న నియమంతో కూడా పోటీలు నడిచాయి. ద్రౌపది వస్త్రాపహరణాన్ని అధర్మానికి పరాకాష్ఠగా చదువుకున్న మన విద్యార్థి ఈ పోటీని చూసినప్పుడు, సభ మౌనంగా లేదనీ చప్పట్లు కొడుతున్నదనీ గమనించాలి.

అయితే పోతనను, ఈ వ్యాపారాన్ని ఒకే గాటన కట్టడం విమర్శ కాదు. ఇంగ్లండుకు చెందిన లారా మల్వీ 1975 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో, సినిమాలో చూసేవాడు పురుషుడు, చూడబడేది స్త్రీ అని నిరూపించింది. ఆ గీటురాయితో చూస్తే పోతన ఘట్టంలోని విశేషం బయటపడుతుంది. అక్కడ చూస్తున్నది సత్యభామ. ప్రియుణ్ణి, శత్రువును తన కంటితోనే వేరుచేస్తున్నది. రెండు రసాలూ ఆమె చూపులోనివి. పాఠకుడు ఆమెను చూస్తున్నా ఆమె చూపు వెంట నడవక తప్పదు. దివాల పోటీలలో స్త్రీకి చూపు లేదు, రూపమే ఉంది. కనుక వీరంతో శృంగారం కలవడం దోషం కాదు. ఆ శృంగారం ఎవరి కంటిలో పుట్టిందన్నది ప్రశ్న.

పోతనలో కూడా ఒక పరిమితి ఉంది. సత్యభామ యుద్ధం చేస్తుంది, కృష్ణుడు ఆమెను మెచ్చుకుంటాడు, తరువాత తానే ముందుకు వచ్చి చక్రంతో నరకుని సంహరిస్తాడు. యుద్ధం ఆమెది, ముగింపు అతనిది. గచ్చిబౌలిలో కనిపించిన అమరిక ఇదే. ఈ పోలిక ప్రభావాన్ని సూచించదు. రెండు సంస్కృతులు ఒకే అలవాటును పంచుకోవడాన్ని సూచిస్తుంది.

చూసే స్త్రీకి కూడా కష్టం తప్పలేదు. వ్యాసభారత విరాటపర్వంలో జీమూతుడనే మల్లుణ్ణి గెలిచిన భీముణ్ణి విరటుడు అంతఃపుర స్త్రీల ఎదుట మృగాలతో పోరాడిస్తాడు. అది చూసి కలతపడిన ద్రౌపదిని, వంటవాని మీద మమకారముందని సుధేష్ణ ఎత్తిపొడుస్తుంది. మల్లుణ్ణి చూసే మగవానిది అభిమానం, ఆడదానిది అనుమానాస్పదం.

5. వంటింటి ఆయుధాలు, బంగారక్క నోరు:

1999 అక్టోబర్‌లో చైనా అనే మహిళా మల్లురాలు జెఫ్ జారెట్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ చాంపియన్‌షిప్ గెలిచింది. పురుషుల బిరుదుగా నడిచిన ఆ పట్టీని ఒక స్త్రీ గెలవడం అదే మొదలు. అంతటి సందర్భానికి రచయితలు ఎంచుకున్న పోటీ పేరు 'గుడ్ హౌస్‌కీపింగ్'. బరి నిండా వంటసామాను, ఇంటి సామాను, వాటితోనే కొట్టుకోవాలి. జారెట్ పాత్ర స్త్రీద్వేషిగా రూపొందింది కనుక అతనికి తగిన శాస్తి జరిగిందని కథ సమర్థించుకుంటుంది. కాని తేలిన అర్థం వేరు. పురుషుణ్ణి గెలిచే స్త్రీ కూడా వంటింటి మీదుగానే రావాలి. మన వారపత్రికల కార్టూన్లలో దశాబ్దాలుగా భార్య చేతిలో నిలిచిన అప్పడాల కర్ర ఈ బరిలోని సామానుకు స్వయానా చుట్టం. స్త్రీ కోపాన్ని నవ్వుగా మార్చి నిర్వీర్యం చేయడమే రెంటి పని.

ఇక్కడ ధర్మవరం మండలం నిమ్మలకుంట గుర్తుకు వస్తుంది. 2020లో పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు వంటి కళాకారులు నిలిపిన తోలుబొమ్మలాటలో రామాయణ, భారత కథల నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ప్రవేశిస్తారు. బంగారక్క గయ్యాళి, జుట్టుపోలిగాడు ఆమె నోటికి జడిసే మొగుడు. మూస అన్న మాటకు ఇంతకంటే సరిగ్గా సరిపోయే ఉదాహరణ దొరకదు, ఎందుకంటే ఆమె అక్షరాలా తోలుతో కత్తిరించిన బొమ్మ. అయినా ఆమె చేసే పని గమనించదగినది. సీత పలకలేని మాటలను బంగారక్క పలుకుతుంది. మగవాని అసమర్థతను, తిండిపోతుతనాన్ని, బడాయిని నలుగురిలో కడిగేస్తుంది. కుటుంబమంతా కలిసి ఆడే ఈ కళలో స్త్రీ పాత్రలకు స్త్రీలు గొంతునివ్వడం పరిపాటి. అందువల్ల మూస పాత్రలోనూ ఒక స్త్రీ కంఠానికి చోటు దొరికింది.

రియా రిప్లీ పాత్రను ఈ వెలుగులో చూడవచ్చు. నల్లని దుస్తులు, కండలు తిరిగిన దేహం, పురుషులను ఎత్తి కుదేసే బలం ఆమెవి. 2023 నాటి కథలో ఆమె కనుసన్నలలో మెలిగే డొమినిక్ మిస్టీరియోను ప్రేక్షకులు ఈసడించి నవ్వుకున్నారు. ఇది బంగారక్క, జుట్టుపోలిగాళ్ల జంటే. స్త్రీ బలవంతురాలైతే ఆమె పక్కనున్న మగవాడు నవ్వులపాలు కావాలన్న పాత సూత్రం ఇందులో పనిచేసింది. రిప్లీ సీతాకోకచిలుక పట్టీ కాలాన్ని దాటింది. డొమినిక్ మాత్రం అప్పడాల కర్ర కాలంలోనే ఉన్నాడు. మూస ఒక వైపు సడలినప్పుడు రెండవ వైపు బిగుసుకుంటుందనడానికి ఇది తార్కాణం.

6. పెళ్లి పందెం, దుస్తుల పరీక్ష:

స్త్రీ వీరానికి మరొక షరతు వివాహం. 1954లో హమీదా బాను తనను కుస్తీలో ఓడించిన పురుషుణ్ణి పెళ్లాడతానని సవాలు చేసినట్లు పత్రికలు రాశాయి. బరోడాలో బాబా పహిల్వాన్‌ను ఆమె 1 నిమిషం 34 సెకన్లలో ఓడించింది. సవాలులోని ఆకర్షణ ఆమె గెలుపులో లేదు, ఓటమి సంభావ్యతలో ఉంది. ఓడిన మగవాడు ఇంటికి పోతాడు, ఓడిన ఆమె అతని ఇంటికి పోవాలి. ప్రమీలార్జునీయ కథలో స్త్రీరాజ్యాన్ని ఏలిన ప్రమీల అర్జునుని భార్యగా ముగిసినట్లే. ఆమె యుద్ధం పెళ్లికి పీఠికగా మిగిలింది. బాను చేతిలో ఓటమి రాలేదు కనుక ఆ కథ మన కథలాగా ముగియలేదు. తెలుగు నేల కూడా 'కలియుగ భీముడు' కోడి రామ్మూర్తినాయుడి బలప్రదర్శనలను తరతరాలుగా చెప్పుకుంది. ఆయనను ఓడించినవారికి ఆయన ఏమౌతాడన్న ప్రశ్న ఎవరికీ రాలేదు.

మూడవ షరతు దుస్తులు. హర్యానాకు చెందిన కవితాదేవి 2017లో మే యంగ్ క్లాసిక్ పోటీలో సల్వార్ కమీజ్‌తో బరిలోకి దిగింది. 2016 దక్షిణాసియా క్రీడలలో బరువులెత్తడంలో స్వర్ణం గెలిచిన ఆమె గురించిన చర్చ ఎక్కువగా ఆ దుస్తుల చుట్టూనే తిరిగింది. 2019 అక్టోబర్ 31న రియాద్‌లో నటాల్యా, లేసీ ఎవాన్స్ శరీరమంతా కప్పిన దుస్తులతో తలపడినప్పుడూ అంతే. ఒకచోట తక్కువ దుస్తులు ఆధునికతకు, ఒకచోట నిండు దుస్తులు సంస్కృతికి గుర్తులయ్యాయి. రెండుచోట్లా స్త్రీ దేహమే జెండా మోసింది. ఒక్క చెడ్డీతో బరిలోకి దిగే పురుషుణ్ణి ఏ దేశ సంస్కృతి గురించీ ఎవరూ అడగరు.

7. ఆక్షేపాలు – సమాధానం:

పరిస్థితి మారిందన్నది మొదటి ఆక్షేపం. 2015 ఫిబ్రవరిలో నలుగురు మహిళలు ఆడిన జట్టు పోటీని దాదాపు ముప్పై సెకన్లలో ముగించినప్పుడు ప్రేక్షకులు సామాజిక మాధ్యమాలలో నిరసించారు. మరుసటి సంవత్సరం 'దివా' పేరు తొలగింది. 2018లో పూర్తిగా మహిళలతోనే 'ఎవల్యూషన్' ప్రదర్శన జరిగింది. ఈ మార్పు నిజమే. రాసినది గనుకనే తిరగరాయడం సాధ్యమైంది. ప్రకృతి అయి ఉంటే ప్రేక్షకుల నిరసనకు మారేది కాదు. కనుక ఈ ఆక్షేపం వ్యాస వాదాన్ని బలపరుస్తుందే గాని ఖండించదు.

ఇది పరదేశపు సరుకు, మన సంస్కృతికి సంబంధం లేదన్నది రెండవది. సత్యభామ, ప్రమీల, బంగారక్క, అప్పడాల కర్ర ఇందుకు సమాధానాలు. ఆ సరుకు మనకు ఇంత సులభంగా అర్థమవడానికి కారణం, దానిని చదివే అక్షరాలు మనకు ముందే వచ్చి ఉండడం.

ఇది కేవలం వినోదమన్నది మూడవది. పాఠశాల మైదానంలో మగపిల్లలు ఆ పట్లను అనుకరిస్తారు, ఆడపిల్లలు పక్కకు తప్పుకుంటారు. నవ్వుతూ నేర్చిన పాఠానికి గురువు కనిపించడు. అందుకే దానిని ప్రశ్నించడం కష్టం.

8. ముగింపు:

1. ప్రదర్శన కుస్తీలో ఫలితం రచన కనుక అందులోని జెండర్ మూసలకు బాధ్యత శరీరాలది కాదు, రచయితలది.

2. మూస పురుషుణ్ణి కూడా కొలతలకు కుదిస్తుంది. కొలతకు లొంగనివాణ్ణి ప్రతినాయకునిగానో, నవ్వులాటగానో చేస్తుంది.

3. స్త్రీ వీరానికి శృంగారం, గృహిణీత్వం, వివాహం, వస్త్రం షరతులుగా ఉన్నాయి. పురుషుని వీరానికి ఇవేవీ అక్కరలేదు.

4. వీరశృంగారాల కలయిక తనంత తాను దోషం కాదు. పోతన సత్యభామకు చూపు ఉంది, బంగారక్కకు నోరు ఉంది. ఆ రెండూ లేని రూపమే మూస.

5. తెలుగు శాఖలలో జనప్రియ సంస్కృతిని పాఠ్యంగా తీసుకునేటప్పుడు పాశ్చాత్య సిద్ధాంతాలతో పాటు మన కావ్యాలను, జానపద కళలను పనిముట్లుగా వాడుకోవచ్చు. అలా వాడినప్పుడు ఆ కావ్యాల పరిమితులు కూడా తెలుస్తాయి.

తరగతిలో నరకాసుర వధ ఘట్టం చెప్పేటప్పుడు ఈ వ్యాసకర్త ఇప్పుడు ఒక ప్రశ్న అదనంగా వేస్తున్నాడు: "చక్రం సత్యభామ చేతికే ఇచ్చి ఉంటే పద్యం ఎలా ఉండేది?" అక్క అడిగిన కార్డు మా పెట్టెలో అప్పుడు లేకపోయింది. ఆ ప్రశ్నకు ఇప్పుడైనా తరగతి గదిలో చోటు ఇవ్వడం అధ్యాపకుల చేతిలో ఉన్న పని.